పసుపు కల్లంలో చంద్రవ్వ

నాదియా ఫోన్ చేసినప్పుడు నేను బహ్రెయిన్‌లో, మహూజ్‌లోని మా ఫ్లాట్‌లో గిన్నెలు కడుగుతున్నాను. తడి చేత్తోనే ఎత్తాను.

"రాజు గారూ, రాణి బొమ్మ ఎక్కడుంది?" అంది. ముందూ వెనకా పలకరింపు లేదు.

నాదియా నా భార్య విజయరాణితో కలిసి చదువుకున్న అమ్మాయి. బహ్రెయిన్ అమ్మాయే, అరాద్‌లో ఇల్లు. ఇప్పుడు తాము చదివిన యూనివర్సిటీ ఆర్ట్ విభాగంలోనే పాఠాలు చెబుతోంది. ఆ విభాగం మొదలై పాతికేళ్లయిందట. ఆ సందర్భంగా అక్కడ చదివి వెళ్లినవాళ్లందరి పనులూ ఒకచోట చేర్చి ప్రదర్శన పెడుతున్నారట.

"మా బ్యాచ్ నుంచి రాణి బొమ్మ ఉండి తీరాలి. బుధవారంలోపు గోడ ఎవరికి ఎంత అన్నది తేలిపోతుంది. నేను తన కోసం గోడ అడిగి పెట్టాను. బొమ్మ బాగానే ఉంది కదా?"

"బాగానే ఉంటుందమ్మా," అన్నాను. ఉంటుందనే అనుకున్నాను.

విజయరాణి ఇక్కడి స్కూల్లో చిన్నపిల్లలకు డ్రాయింగ్ నేర్పేది. మాకు పిల్లల్లేరు. నలభై దాటాక ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "నేను మళ్లీ కాలేజీలో చేరనా అండీ?" అంది. చేరింది. కూతుళ్ల వయసు వాళ్ల పక్కన కూర్చుని డిగ్రీ చదివింది. ఆఖరి ఏడాది ప్రతి విద్యార్థీ ఒక పెద్ద బొమ్మ వేసి, గోడకు తగిలించి, వచ్చిన పెద్దలకు దాని గురించి చెప్పాలి. అదే వాళ్లకు పరీక్ష. సరిగ్గా ఆ ఏడాదే కరోనా వచ్చింది. ప్రదర్శన లేదన్నారు. బొమ్మల ఫోటోలు తెప్పించుకుని, కంప్యూటర్లలో చూసి మార్కులు వేశారు. ఆమెకు మంచి మార్కులే వచ్చాయి. "గోడ ఎక్కకుండానే పాసైపోయిందండీ నా బొమ్మ," అని నవ్వింది. ఆ నవ్వు ఎలాంటిదో నాకు తెలుసు. మరుసటి ఏడాది, ఒక మామూలు ఉదయం, టీ కాచుకుంటూనే గుండె ఆగి వెళ్లిపోయింది.

ఆ బొమ్మ ఒక్కసారి గోడ ఎక్కాలి. ఫోన్ పెట్టేశాక నాకు ఇక ఇంకో ఆలోచన లేదు.

నేను సల్మాబాద్‌లో అల్యూమినియం తలుపులు, కిటికీలు చేసే వర్క్‌షాపులో స్టోర్సూ లెక్కలూ చూస్తాను. బొమ్మ మనిషికంటే ఎత్తు. మా ఫ్లాట్ లిఫ్టులో పట్టదు. అందుకని విజయరాణి దాన్ని మా వర్క్‌షాపు వెనక గదిలోనే, శుక్రవారాలు పని లేనప్పుడు వచ్చి వేసుకుంది. పూర్తయ్యాక ప్లాస్టిక్ చుట్టి, గోడవైపు తిప్పి అక్కడే నిలబెట్టాం. ఆమె పోయాక నేను ఆ గదిలోకి వెళ్లలేదు. అటు పని పడితే ఎవరినో ఒకరిని పంపేవాణ్ని.

మర్నాడు వెళ్లాను. గదినిండా సామాను పేర్చే కొత్త ఇనుప రాకులు. బొమ్మ లేదు.

బయట కటింగ్ మెషిన్ దగ్గర పరమేశ్ ఉన్నాడు. జగిత్యాల వైపు వాడు, హుషారైన మనిషి.

"పరమేశ్, వెనక గదిలో గోడకు ఒక పెద్ద బొమ్మ ఉండాలయ్యా. ఏమైంది?"

"ఏ బొమ్మ సార్? పోశమ్మనా?"

"పోశమ్మ ఏంటి?"

"మీదున్నది సార్. ఎన్నడు రాకపోతిరి. రాండ్రి, మొక్కుదురు."

వర్క్‌షాపు పైఅంతస్తే మా వాళ్ల క్యాంపు. పొడుగాటి వరండా, రెండువైపులా గదులు, వరుసగా ఆరేసిన లుంగీలు. వరండా చివర, కిటికీ లేని గోడకు, విజయరాణి బొమ్మ నిలబడి ఉంది.

నాకు గుర్తున్న బొమ్మ వేరు. ఒళ్లంతా పసుపు పడ్డ ఒక స్త్రీ ఎదురుగా నిలబడి మనవంక సూటిగా చూస్తుంటుంది. చేతిలో కొడవలి, వెనక వేపకొమ్మ నీడ. ఇప్పుడు ఆ ముఖం మీద పొగచూరు. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, గట్టిపడి కాసులా ఉంది. మోకాళ్ల కిందంతా నూనె, పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్ల మరకలు కలిసి నల్లటి పొర. ఏముందో కనబడడం లేదు. ముందు పీట, పీట మీద దీపం, అగరొత్తులు. కొబ్బరిచిప్ప ఒకటి.

గోడ పట్టుకున్నాను.

"ఏమాయె సార్, కండ్లు తిరుగుతున్నయా?" అంటూ పక్కగదిలోంచి లింబాద్రి వచ్చాడు. అప్పుడే స్నానం చేసినట్టున్నాడు, భుజాన తడి తువ్వాలు. అందరిలోకీ పెద్దవాడు. ఫిట్టింగు పనిలో వాళ్లకు మేస్త్రీ. భీంగల్ దగ్గరి ఊరు.

"ఇది ఎవరు పెట్టారు లింబాద్రీ?"

"నేనే సార్. కొత్త రాకులు పెట్టేటందుకు గది ఖాళీ చేస్తుంటె దొరికింది. ప్లాస్టిక్ ఇప్పి సూస్తె అమ్మ. ఒంటినిండ పసుపు, చేతిల కొడవలి, యాపకొమ్మ. ఇంకెవరైతరు? గట్ల గోడకు ఆనిచ్చి చాయ తాగనీకి పోయినం. మేము అటు పోంగనే రాకు మొత్తం కూలింది సార్. అల్యూమినియం కడ్డీలన్ని దబదబ పడ్డయి. కింద ఒక్క పురుగు లేదు. మమ్ముల బయటికి పంపి కూలిచ్చింది అమ్మ."

"చాయ టైమైంది గద, గందుకె పోయినం," అన్నాడు పరమేశ్.

"నువ్వు నోరు మూస్కో. గా దినం నువ్వే ముందుగాల మొక్కినవ్."

రాకు కూలిన సంగతి నాకు తెలుసు. ఎవరికీ ఏమీ కాలేదని విని ఆ రోజు నేనూ మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఎవరికి పెట్టుకున్నానో మాత్రం గుర్తులేదు.

ఉన్న మాట చెప్పాను. ఈ బొమ్మ నా భార్య వేసిందనీ, ఇది ప్రదర్శనకు వెళ్లాలనీ. స్టోర్స్ సామాను ఎక్కడికి పంపాలన్నా నా సంతకం చాలు. కానీ ఎదురుగా వెలుగుతున్న దీపం చూశాక ఆ మాట నోటికి రాలేదు.

లింబాద్రి తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. "అమ్మగారు గీసిండొచ్చు సార్. అమ్మగారి చెయ్యి మంచిది. గని గీసినంక అమ్మ వచ్చి కూసున్నది. కూసున్నదాన్ని మనం లేపొద్దు. లేపితె ఏమైనా అయితె ఎవరు బాధ్యులు? మీరా, నేనా?"

"ఈవిడ పోశమ్మ కాదు లింబాద్రీ."

"మరెవరు?"

"ముత్తన్న భార్య. చంద్రవ్వ."

పరమేశ్ ఒక్కసారిగా వంగిపోయి నవ్వాడు. "ఓర్నీ. మనం ముత్తన్న పెండ్లానికా ఇన్ని దినాలు కొబ్బరికాయలు కొట్టింది?"

లింబాద్రి నవ్వలేదు. ముత్తన్న పేరు వాళ్లు విన్నారు. వీళ్లు రాకముందు ఇక్కడ వెల్డింగు చేసి, ఇక చాలనుకుని ఊరికి వెళ్లిపోయిన మనిషి. ఆర్మూరు దగ్గర రెండెకరాల పసుపు చేను. విజయరాణి బొమ్మ కోసం ఏం వేయాలా అని వెతుకుతున్నప్పుడు ముత్తన్న తన ఫోన్‌లో భార్య ఫోటోలు చూపించాడు. పసుపు ఆకు కోస్తున్నది ఒకటి, ఎండిన కొమ్ములకు పాలిష్ పట్టేటప్పుడు దుమ్ములో నిలబడ్డది ఒకటి. ఆ రెండూ కలిపి ఈ బొమ్మ అయింది.

"నమ్మలేకపోతే ముత్తన్ననే అడుగు," అని వీడియో కాల్ చేశాను.

ముత్తన్న ముఖం తెరనిండా వచ్చింది. వెనక పశువుల కొట్టం. సంగతంతా విన్నాడు. వినీ వినగానే ఫోన్ కింద పడేసుకున్నాడు కాబోలు, ఆకాశం కనబడింది. నవ్వు మాత్రం వినిపిస్తూనే ఉంది. "చంద్రీ, ఇటు రా. నిన్ను దుబాయిల దేవతను చేసిండ్రు."

వాళ్లకు గల్ఫంతా దుబాయే.

చంద్రవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. జుట్టు కొంచెం నెరిసింది. ముఖం మాత్రం అదే. నేను ఫోన్‌ను బొమ్మ పక్కన పట్టుకున్నాను. లింబాద్రి ఫోన్ వంకా బొమ్మ వంకా చూశాడు, మళ్లీ ఫోన్ వంక చూశాడు.

"ఏంది సార్, నాకు దీపం పెడుతుండ్రా?" అంది చంద్రవ్వ. "ఆడ నాకు కొబ్బరికాయలు, ఈడ ఈయన ఒక్క చాయ పెట్టియ్యడు."

"నువ్వేనా అమ్మా గిది?" అని అడిగాడు లింబాద్రి.

"నేనే అన్నా. గా కొడవలి గూడ మాదే. ఇంకున్నది, తెచ్చి సూపియ్యాలా?"

"వద్దు తల్లీ."

"గా అక్క ఫోన్ల నన్ను అటు తిరుగు, ఇటు తిరుగు, ఎండల నిలబడు అని ఎంత సతాయించింది. అక్క పోయిందని ఈయన చెప్పిండు సార్. రెండు దినాలు నాకు మనసున పట్టలే." కొంగు సర్దుకుంది. "నిన్ను పెద్ద పెద్దోళ్ల నడుమ గోడకు పెడ్త చంద్రవ్వా అన్నది. పెట్టిండ్రా సార్?"

"ఇంకా లేదమ్మా. ఇప్పుడు పెడదామనుకుంటున్నా."

"మరి తీస్కపోండ్రి. అన్నా, నేను పోశమ్మను గాను. గని నా మాట ఇంటవా? అక్కది కానియ్యి."

లింబాద్రి వంగి దీపం వత్తి సరిచేశాడు. "ఇప్పుడు నువ్వు ఒప్పుకున్నట్టే గద? రేపు మా పిల్లగాండ్లకు ఏమన్న అయితె నువ్వు కోపం పట్టినవని నేను అనద్దు."

"ఏం గాదు. మంచిగుండ్రి అందరు."

"సరే సార్," అన్నాడు నా వైపు తిరిగి. "గని ఉత్తగ పంపం. నేను గూడ వస్త."

రోడ్డు పక్క వేపచెట్టు నుంచి రెండు రెమ్మలు తెచ్చారు. ఇంకో కొబ్బరికాయ, ఈసారి బొమ్మకు దూరంగా కొట్టారు, నా మీద దయతలచి. నలుగురు భుజాల మీద మెట్లు దింపి పికప్‌లో ఎక్కించారు. డ్రైవర్ మక్బూల్ హైదరాబాదీ. "సామాన్ అంతా ఎక్కిందా భాయ్?" అని అడిగాడు.

"సామాన్ గాదు," అన్నాడు లింబాద్రి, వెనక బొమ్మ పక్కనే కూర్చుంటూ.

బొమ్మను ముందు అరాద్‌లోని తన ఇంటికే తెమ్మంది నాదియా. అక్కడిదాకా నేను దారి చూడలేదు. వాళ్లను ఒప్పించడంతో కష్టం తీరిందనుకున్నాను గానీ అసలు భయం అప్పుడు పట్టుకుంది. ఆ నల్లటి పొర రంగులోకి దిగిపోయి ఉంటే? ఇంత బతిమాలుకుని తెచ్చి, గోడకు పనికిరాని గుడ్డముక్క నాదియా చేతిలో పెడుతున్నానేమో.

నాదియా వాళ్ల ఇంటి కింది గదిలో బొమ్మను బల్ల మీద పడుకోబెట్టాం. ఆమె వంగి దగ్గరగా చూసింది. ఏమేం పూశారని అడిగింది. చెప్పాను. ఎందుకు పూశారని అడిగింది. అదీ చెప్పాను. పెదవి కొరుక్కుని లింబాద్రి వంక చూసింది. నవ్వకుండా ఉండడానికి కష్టపడుతోందని తెలుస్తూనే ఉంది.

"రాణి దీని మీద వార్నిష్ వేసిందా? వేసి ఉంటే మురికంతా పైనే ఉంటుంది. లేకపోతే చెప్పలేను."

నాకు తెలియదు. వార్నిష్ వాసనా రంగు వాసనా నాకు ఒకటే. ఆమె కొంగుకు రెండూ ఉండేవి.

నాదియా సన్నటి పుల్లకు దూది చుట్టింది. దాన్ని నాలుకతో తడిపి, బొమ్మలో కాలి దగ్గర ఒక మూల మెల్లగా దొర్లించడం మొదలుపెట్టింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పాత బొమ్మలు శుభ్రం చేసేవాళ్లకు ఉమ్మిని మించినది లేదనీ, నీళ్లకంటే అదే మెత్తగా మురికి తీస్తుందనీ ఆమె ఇంగ్లీషులో నాకు చెబుతోంది. పక్కన లింబాద్రి నిలబడి ఉన్నాడు. నిన్నటిదాకా స్నానం చేస్తే గానీ దగ్గరికి వెళ్లని బొమ్మ. దాని పాదాలకు ఎంగిలి.

"లింబాద్రీ, అది వాళ్ల పని పద్ధతి," అన్నాను గబగబా.

"కనబడుతనే ఉన్నది గద సార్," అన్నాడు నెమ్మదిగా. "పిల్లగాని మూతి తుడిసినట్టు తుడుస్తుంది. కానియ్యుండ్రి."

నాదియా దూదిని లైటు దగ్గర పెట్టి చూసింది. నల్లగా, జిడ్డుగా ఉంది. ఇంకో దూది చుట్టింది. మళ్లీ తడిపింది. అదీ నల్లగా వచ్చింది. మూడోది బూడిదరంగులో వచ్చింది. తర్వాతది తెల్లగా ఉంది. తుడిచినచోట పాదం వేళ్లు బయటపడ్డాయి, గోళ్ల సందుల్లో పసుపుతో సహా.

"వార్నిష్ వేసింది," అంది. "మందంగా వేసింది. క్లాసులో అందరికీ చెప్పేది, మా ఊళ్లో చీమలూ చెమ్మా ఎక్కువ, మేము ఏదైనా గట్టిగా మూతపెడతాం అని."

నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. నాదియా తల్లి తెచ్చిన టీ అంత బాగుంటుందని అంతకుముందెప్పుడూ గమనించలేదు.

మధ్యాహ్నం గడిచేకొద్దీ కింది భాగం విడుచుకుంటూ వచ్చింది. ముందు చీర అంచు. తర్వాత దాని పక్కన ఏవో గుండ్రటి గీతలు. నేను మరిచేపోయాను, చంద్రవ్వ కాళ్ల దగ్గర విజయరాణి పసుపు కొమ్ముల కుప్ప వేసింది. ఒక్కో కొమ్ముకూ వేరే వెలుగు. కుప్ప మీంచి లేచిన దుమ్మే పైన ఆమె చీర మీదా, చేతుల మీదా, కనురెప్పల మీదా పడి ఉంది. కుప్ప కనబడకపోతే ఆ పసుపు పూజ పసుపులాగే ఉంటుంది. కనబడితే కల్లం.

లింబాద్రి వంగి చూశాడు. వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"పాలిష్ డ్రమ్ము తిప్పేటప్పుడు మా అమ్మ గూడ అచ్చం గిట్లనే ఉండేది సార్. కండ్లు తప్ప ఏం కనబడకపోవు. ఇంటికొస్తె కుక్క గూడ మొరిగేది. నేను పొద్దున పొద్దున దీపం పెట్టుకుంట సూస్తనే ఉంటి. నాకెందుకు తట్టలేదో."

నుదుటి మీది కుంకుమ మాత్రం నూనెతో కలిపి పెట్టినందువల్ల పూర్తిగా రాలేదు. అడుగున విజయరాణి వేసిన బొట్టు ఉంది. దాని చుట్టూ వీళ్ల ఎరుపు సన్నటి అంచులా మిగిలింది. "ఇంకా గీకితే రంగు పోతుంది. ఉంచనా?" అంది నాదియా. ఉంచమన్నాను. చెబితే తప్ప ఎవరికీ తెలియదు.

ప్రదర్శన గురువారం సాయంత్రం మొదలైంది. పాతికేళ్ల విద్యార్థులు, వాళ్ల పిల్లలు, టీచర్లు. ఒక గోడ నిండా చేపలవలలతో చేసిన పని, ఒక మూల మట్టికుండలు, తెల్ల కాగితాల మీద అరబిక్ అక్షరాలు. వాటి మధ్య, కాస్త కిందికి దించిన లైటు వెలుగులో, చంద్రవ్వ. పక్కన చిన్న అట్ట మీద విజయరాణి పేరు, బొమ్మ పేరు. నేను ఆ అట్టను చదివి, కాసేపు తిరిగి వచ్చి, మళ్లీ చదివాను.

అప్పట్లో ఆమెకు మార్కులు వేసిన పెద్ద ప్రొఫెసర్ కర్ర పట్టుకుని బొమ్మ ముందు నిలబడ్డారు. "కంప్యూటర్‌లో అరచేతి అంత చూశాను. ఇంత పెద్దదని అనుకోలేదు," అన్నారు నాతో. "ఆ కళ్లు, పని మానేసి ఎందుకు నిలబడ్డావని మనల్ని అడుగుతున్నట్టున్నాయి."

డ్యూటీ దిగి, ఓవర్‌టైం వదులుకుని, మా వాళ్లు కంపెనీ బస్సులో వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు. గుమ్మం దగ్గర చెప్పులు విడవబోతుంటే నాదియా వద్దంది. పరమేశ్ బొమ్మ పక్కన నిలబడి ముత్తన్నకు వీడియో కాల్ కలిపాడు.

"వదినా, సూడు. ఎంతమంది సూస్తుండ్రో నిన్ను. క్యాంపుల ఇప్పుడు అసలు పోశమ్మ ఫోటో తెచ్చి పెట్టినం, మనామ బజార్ల దొరికింది. గని నీ అంత మంచిగ సూస్తలేదు."

"నోరు కడుక్కోరా," అంది చంద్రవ్వ. కానీ ఫోన్ పెట్టనివ్వలేదు. పక్క బొమ్మలు కూడా చూపించమంది. జనాన్ని చూపించమంది. ఆఖరికి, "సార్‌ను సూపియ్యి," అంది. నేను చేయి ఊపాను. ఆమె కూడా ఊపింది.

ఎదురుగా చెక్కబల్ల ఉంటే వెళ్లి కూర్చున్నాను. ఇక నేను చేయవలసినదేమీ మిగల్లేదు. ఎవరో పాప బొమ్మ దగ్గరికి పరిగెత్తి, ఆ కొడవలిని చూసి, తల్లి దగ్గరికి తిరిగి పరిగెత్తింది. ఈ సంగతి విజయరాణికి చెప్తే ఎంత నవ్వేదో అనుకున్నాను. ఆమె పోయిన తర్వాత, ఆమెకు చెప్పాలనిపించిన మాట తలచుకుని నేనూ నవ్వుకోవడం అదే మొదటిసారి.

లింబాద్రి వచ్చి పక్కన కూర్చున్నాడు. చేతిలో ఫోన్.

"బొమ్మ ఫోటో తీసి మా అమ్మకు పంపిన సార్. మా తమ్ముని ఫోన్‌కు. ముసల్ది, కండ్లు సరిగ్గ కనబడయి. కండ్లకాడ పెట్టుకొని సూసిందట."

"ఏమంది?"

"నా ఫోటో మీకెట్ల దొరికింది రా అంటుంది." ఫోన్ వంక చూసుకుంటూ నవ్వాడు. "ఇగ ఏం జెప్పాలె సార్?"

"ఆమె ఫోటోనేనని చెప్పు," అన్నాను.

అతను బొటనవేలితో ఒక బటన్ నొక్కిపట్టి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, జనంలో ఎవరికీ వినబడకుండా మెల్లగా చెప్పాడు. "అవునే. నీదే."